బెల్లం చూసినట్ల చూసి కొన్న మైనం

పగలు మూడు గంటల పది నిమిషాలు. హోసూరులో రత్నమ్మ ఇంటి నడవ. ఆమె నేల మీద కాళ్ళు చాపుకొని చాటలో అలసందలు ఏరుతోంది. మనవరాలు సుమ ఫోనును రికార్డులో పెట్టి చెంబుకు ఆనించింది. "అవ్వా, ఇంట్లో కొవ్వొత్తులు చేసి అమ్దామనుకుంటా ఉండాను. నువ్వు ముందు చేసినావంట కదా. ఏ మైనం తెచ్చుకోవాల?" అని అడిగింది.

ఏ మైనమా. అదొక్క మాటలో చెప్పేస్తే నువ్వు లేచి పోతావు. కూర్చో. ఆ అలసందల్లో రాళ్ళుంటే నువ్వూ ఏరు, చేతులు ఊరికే ఎందుకుండాల.

ఇప్పుడు సోయా మైనమంటారంట, టీవీలో చూసినాను. సోయా అంటే గింజ కదమ్మా, దాంట్లో మైనం యాడ నించి వస్తాదో దేవుడికే తెలియాల. మా కాలానికి రెండే. తేనెపట్టు నించి తీసేది ఒకటి, అది డెంకణికోట అడివి పక్క నించి తెచ్చి అమ్మేవాళ్ళు, మనట్లాంటోళ్ళకు అందేది కాదు. రెండోది పెట్రోలు నించి తీసేది. పలకలు పలకలుగా వస్తాది, పెద్ద సబ్బు కట్ట మాదిరి. ఆ పలకల్లోనే మళ్ళీ మూడు రకాలు. ఆ మూడింట్లో ఒకటి ఏరుకునేదాంట్లోనే నేను తప్పు చేసినాను. ఎంత తప్పంటే, మూడేండ్లు నా తోడబుట్టినదాని గడప తొక్కలేదు నేను. నీకు తెల్దు, నువ్వు అప్పుడు చంకలో పిల్లవి.

ఏ ఏడు అంటే... రెండువేల రెండు. కాదు కాదు, మూడు. మీ తాత పని చేసే కంపెనీ మూసేసిన మరు ఏడు. అది మూతపడినప్పుడు మీ తాతకు యాబై రెండేండ్లు. ఆ వయసులో ఎవరిస్తారు పని? పొద్దున లేచి చొక్కా ఏసుకొని, బస్టాండు దాకా పోయి, పేపరు చదివి వచ్చేవాడు. ఇంట్లో అడిగితే "చూస్తాండా, చూస్తాండా" అనేవాడు. ఏం చూస్తా ఉండినాడో.

మా మహిళా సంఘంలో మూడు దినాలు నేర్పించినారు. ఊదుబత్తి, ఫినాయిలు, కొవ్వొత్తి. నేను కొవ్వొత్తి పట్టుకున్నాను. ఎందుకంటే కరెంటు పొయ్యేది కదా రోజూ. సాయంత్రం ఆరైతే చాలు, టప్పున పొయ్యేది, ఏడున్నరకు వచ్చేది. ఆ గంటన్నరకు ప్రతి ఇంట్లో ఒక కొవ్వొత్తి కావాల. నేర్పించినామె కృష్ణగిరి నించి వచ్చింది, అరవామె, మంచి మనిషి. ఆమె చెప్పింది: తెల్లగా గట్టిగా ఉండేది తీసుకోండి, వేలి ముడుకుతో తట్టితే టంగుమని మోగాల, విరిస్తే పటుక్కున విరగాల, వేలికి జిడ్డు అంటకూడదు. మూడూ చెప్పింది. నేను తలూపినాను. తలూపి వచ్చినాను, అంతే.

ఎందుకు వినలేదంటావా? అది చెప్పాలంటే మా నాయన కాడికి పోవాల.

మా నాయనది మత్తూరు పక్క. చెరుకు పెట్టి, గానుగ ఆడిచ్చి బెల్లం వండేవాడు. మా ఇంట్లో ఆడపిల్లలకు కూడా బెల్లం చూసేది వచ్చు. చిటికెడు గిల్లి, గోరుతో గీకి, నాలిక మీద పెట్టుకుంటే చెప్పేస్తాము, ఏ తోట చెరుకు, ఎన్ని దినాలైంది అని. మా నాయన ఒకటే మాట చెప్పేవాడు. "పాపా, తెల్లగా మెరిసేదాన్ని నమ్మొద్దు. అది మందేసి తెల్లగా చేసింది. రంగు తక్కువ, మెత్తన, చేతికి రవంత జిడ్డు తగిలేదే అసలు బెల్లం." సంతలో తెల్ల బెల్లం ఎత్తుకునేవాళ్ళను చూసి నవ్వుకునేవాళ్ళము మేము. పట్నం గిరాకీ అనేవాళ్ళము. ఆ మాట నా రక్తంలో ఉండాది. అందుకే మైనం అంగడికి పోయినా నేను బెల్లమే చూసినాను.

అంగడి బెంగళూరులో. హోసూరు నించి పొద్దున ఎనిమిది బస్సుకు పోయినాను, ఒక్కదాన్నే. పేటలో సందు సందు తిరిగి కనుక్కున్నాను. సేటు మూడు రకాలు ముందర పెట్టినాడు. ఒకటి తెల్లని తెలుపు, గాజు మాదిరి. ఇంకొకటి పాల రంగు. మూడోది పసుపు, మెత్తన, గోనె సంచిలో ఉండింది. తెల్లదాంట్లో సగానికి రవంత ఎక్కువ, అంతే దాని రేటు. ఇగో, రేటు తక్కువని తీసుకున్నానని మీ తాత ఊరంతా చెప్పినాడు. అది అబద్ధం. ఎక్కువున్నా అదే తీసుకునేదాన్ని. నేను ఆ పసుపుదాన్ని గిల్లినాను. గోరు దిగింది. చేతికి జిడ్డు తగిలింది. నా మనసులో అనుకున్నాను, ఇది మందేయంది, ఇదే అసలుది అని. నమ్మకం చాలక రవంత నోట్లో పెట్టుకొని కొరికినాను. ఆ సేటు కుర్చీలో వెనక్కి పడి నవ్వినాడు. "ఏనమ్మా, తిండీనా ఇదు?" అన్నాడు. ఆపైన నవ్వు ఆపి చెప్పినాడు కన్నడంలో, "అదు బత్తిగె ఆగల్లమ్మా, పాలిష్ మాడోక్కె." అది ఒత్తి పెట్టేదానికి కాదు, పాలిషు పట్టేదానికి అని. చెప్పినాడు, చెప్పలేదని నేను అనను. నేనే నమ్మలేదు. తెల్లది అంటగట్టేదానికి చూస్తాండాడు అనుకున్నాను. నేనేమన్నానో తెలుసా? "మాదీ యాపారం చేసే ఇల్లే సేటూ" అన్నాను. మైనం గురించి ఓనమాలు తెల్దు, అంత మాట అన్నాను.

పది కిలోలు మోసుకొచ్చినాను.

కరిగించేది నీకు తెలుసు కదా? ఫోన్లో చూసింటావు. పెద్ద గిన్నెలో నీళ్ళు పెట్టి, దాంట్లో చిన్న గిన్నె పెట్టి, దాంట్లో మైనం. నేరుగా మంట మీద పెట్టకూడదు, అంటుకుంటాది. నేను కరిగిస్తే ఇల్లంతా సీమనూనె వాసన. మీ తాత వంటింట్లోకి వచ్చి, "స్టవ్వు కారతాందేమో చూడు" అన్నాడు. స్టవ్వు కాదు, నా మైనం. అచ్చులో పోసి, చల్లారినాక తీస్తే రానే రాదు. కొబ్బరినూనె పూసి, నీళ్ళల్లో పెట్టి, తట్టి తట్టి తీసినాను. చైత్రం ఎండలు. కిటికీ కాడ వరసగా నిలబెట్టినాను. మధ్యాహ్నానికి అన్నీ వంగిపోయినాయి. మీ తాత చూసి, "రత్నా, నీ కొవ్వొత్తులకు మర్యాద జాస్తి, నేను రాగానే దండం పెడతాండాయి" అన్నాడు. నాకు ఏడుపు, ఆయనకు నవ్వు. కంపెనీ మూసినాక ఆ మనిషి నవ్వింది అదే మొదలు, కాబట్టి తిట్టలేదు నేను.

వంగేదానికి మందుంది, గట్టిపడే పొడి అమ్ముతారు, కలిపితే చాలు. వాసనకేం చేసేది? రెండో దఫా కరిగించినప్పుడు నాకు ఒక తెలివి వచ్చింది. పూజకు తెచ్చిన కర్పూరం బిళ్ళలు పొడి చేసి దాంట్లో కలిపినాను. పిడికెడు. పిడికెడు కంటే జాస్తే ఉంటాది. సీమనూనె వాసన అణిగింది. గుడిలో మాదిరి ఘుమఘుమ వచ్చింది. ఎంత సంతోషపడినానంటే, మొదటి రెండు డజన్లు ఎవరికీ అమ్మకుండా, మన ఇంటి మనిషికే ఇద్దామని తీసి పెట్టినాను.

మన ఇంటి మనిషంటే సావిత్రి. నా చెల్లెలు. కెలమంగలంలో ఇచ్చినాము. వాళ్ళది రేష్మె ఇల్లు, అంటే పట్టుపురుగులు పెంచేవాళ్ళు. వాళ్ళ అత్త వెంకటమ్మ. ఆ పేరు చెప్తే కెలమంగలం సంతలో ఇప్పటికీ తెలుస్తాది. నలబై ఏండ్లు పురుగు పెంచిన చెయ్యి. పురుగుల ఇంటికి తాళం ఏసి, ఆ తాళంచెయ్యి కొంగుకు కట్టుకొని తిరిగేది. కోడలు వచ్చి పదకొండేండ్లైనా ఆ తాళం ఇవ్వలేదు. సావిత్రి ఆకు కొయ్యాల, ఆకు మొయ్యాల, కసువు ఎత్తాల. పురుగును ముట్టేది మాత్రం అత్త. "నీ చెయ్యి వేడి" అనేదంట. వేడి చెయ్యంట! నా చెల్లెలు పెరుగు తోడేస్తే కత్తితో కొయ్యచ్చు, అట్లాంటి చెయ్యి.

ఆ ఏడు వెంకటమ్మకు కంటి ఆపరేషన్ అయ్యింది. ఒక కంటికి పచ్చ గుడ్డ కట్టినారు. పొగ పడకూడదు, దుమ్ము పడకూడదు, వంగకూడదు. సావిత్రి మొగుడు నాగరాజు టెంపో నడిపేవాడు, వారంలో నాలుగు దినాలు ఇంట్లో ఉండడు. వేరే దోవ లేక వెంకటమ్మ కొంగున తాళంచెయ్యి విప్పి సావిత్రి చేతిలో పెట్టింది. పెట్టి, "ఈ ఒక్క పంట చూస్తా. ఇది చెడితే మళ్ళీ అడగొద్దు" అనింది. నూరు గుడ్ల పురుగు, అంటే నూరు చిలకలు పెట్టిన గుడ్లు, నలబై వేల ప్రాణాలు. సావిత్రే ఇదంతా నాకు చెప్పింది. తాళంచెయ్యి నాకు చూపించింది, మెడలో నల్లపూసల పక్కనే కట్టుకోనుండింది.

పురుగు సంగతి నీకు చెప్పాల. దానికి నాలుగు జ్వరాలొస్తాయి. జ్వరమంటే మన జ్వరం కాదు, చర్మం విడిచే ముందర తినకుండా పడుకుంటాది, దాన్ని జ్వరమంటారు. నాలుగో జ్వరం లేచినాక ఏడు దినాలు తింటాది చూడు, ఆకు ఏసే చేతికి తీరుబడి ఉండదు. దినానికి ఐదు మేతలు. సాయంత్రం మేత ఏడు గంటలకు, సరిగ్గా కరెంటు లేనప్పుడు. సీమనూనె దీపం ఆ ఇంట్లోకి తీసుకుపోకూడదు. పొగాకు నమిలినోళ్ళు పోకూడదు. సెంటు పూసుకోకూడదు. మనలాంటి బయటోళ్ళు గడప కాడ సున్నం నీళ్ళల్లో కాళ్ళు తడుపుకోవాల, అప్పుడు కూడా లోపలికి రానివ్వరు. అంత నాజూకు ప్రాణం అది.

ఇవన్నీ నాకు తెలుసు. తెలిసీ బుధవారం పొద్దున కెలమంగలం పోయి, రెండు డజన్ల కొవ్వొత్తులు పేపర్లో చుట్టి దాని చేతిలో పెట్టినాను. "సీమనూనె వద్దు కదా, ఇవి పెట్టుకో, ఎంత మంచి వాసనో చూడు" అన్నాను. అది ముక్కు కాడ పెట్టుకునింది. నా ముఖం చూసింది. "బాగుండాయి అక్కా" అనింది. గడప బయటనే కాఫీ తాగి వచ్చేసినాను.

శనివారం. సాయంత్రం నాలుగూ పదికి, నేను చీరల పెట్టె తెరిచినాను. మరునాడు అత్తిముగంలో మా మేనమామ మనవరాలికి చెవులు కుట్టేది ఉండింది, దానికి పట్టుచీర గాలికి ఆరేద్దామని. మూత ఎత్తినాను. గుప్పుమని వచ్చింది వాసన. చీరల మధ్యలో తెల్ల గుడ్డలో కట్టి పెట్టిన కర్పూరం. ఎందుకు పెడతామమ్మా కర్పూరం, చీరల్లో?

"పురుగు పట్టకుండా" అంది సుమ.

పురుగు పట్టకుండా. ఇగో, అదే మాట నా చెవిలో ఎవరో అన్నట్ల వినబడింది. పురుగు పట్టకుండా చీరల్లో పెట్టేదాన్ని, పిడికెడు, పురుగుల ఇంటికి పంపించినాను నేను.

మూత అట్లే ఎత్తి పట్టుకొని ఎంతసేపు నిలబడినానో. మీ తాత వచ్చి "ఏమైంది" అంటే మూత వదిలేసినాను. ఫోను అంగడికి పరిగెత్తినాను. సావిత్రి ఇంట్లో ఫోను లేదు, వాళ్ళ వీధి కొసన ఎరువుల అంగడాయనకు ఉండింది. ఆయనకు చేసి, "సావిత్రిని పిలుస్తారా అప్పా" అంటే, ఆయనన్నాడు, "ఇప్పుడు రాదమ్మా. పొద్దుట్నించీ వాళ్ళ పురుగు మేత ముట్టలేదంట. ఇంట్లో అదే గలాటా."

అంతే. పెట్టేసినాను. పెట్టేసినానా, చేతిలోనే పట్టుకున్నానా, తెల్దు. ఫోను అంగడాయన "అమ్మా, బిల్లు" అని కొంగు పట్టుకున్నంత పని చేసినాడు.

అయిదు గంటల బస్సు ఎక్కినాను. దోవలో ఒకటే పని, చేతులు వాసన చూసుకునేది. బుధవారం నించి ఎన్ని మార్లు కడిగింటాను, అయినా గోర్ల సందుల్లో ఉండిందో ఆ వాసన, లేకుంటే నా ముక్కులోనే ఉండిందో. పక్కన కూర్చున్న ఆమె, "ఏమ్మా, గుడికి పోయి వస్తా ఉండావా, కర్పూరం వాసన" అనింది. నేను లేచి పోయి వెనక సీట్లో కూర్చున్నాను. మనసులో లెక్కలు. బుధవారం సాయంత్రం ఒకటి వెలిగించింటాది. ఒకటి చాలదు, తట్టల వరసలు నాలుగు కదా, రెండు వెలిగించింటాది. గురువారం రెండు. శుక్రవారం రెండు. ఆరు కొవ్వొత్తుల పొగ, కిటికీలకు గోనెపట్టాలు కట్టిన ఇంట్లో. మళ్ళీ అనుకునేది, లేదు, అది తెలివైంది, ఒకటే వెలిగించింటాది. మళ్ళీ లేదు, అక్క ఇచ్చిందని నాలుగూ వెలిగించింటాది. బస్సు ప్రతి ఊర్లో నిలబడింది. ఆ డ్రైవరు యాడో దిగి బీడీ కూడా తాగినాడు. నేను చెప్తాండా కదా, బీడీ తాగినాడు.

దిగేసరికి ఆరూ అయిదు. కరెంటు అప్పుడే పోయింది, ఊరంతా నల్లబడలేదు, ఇంకా వెలుగుండింది ఆకాశంలో. వాళ్ళ ఇంటి ముందర కొట్టంలో వెంకటమ్మ మంచం మీద కూర్చోనుండింది, కంటికి పచ్చ గుడ్డ. పురుగుల ఇల్లు ఎదురుగానే, పది అడుగులు. నేను ఆ వాకిట్లోనే నిలబడినాను. నీకు తెలుసో లేదో, తినే దినాల్లో ఆ ఇంటి బయట నిలబడితే వినబడతాది. ఎండాకుల మీద ఒక మంద గొర్రెలు నడిచినట్ల ఉంటాది సద్దు. నేను చెవి పెట్టి విన్నాను. ఏమీ లేదు. ఆ ఇంట్లో ఎవరూ లేనట్ల ఉండింది.

సావిత్రి బయటికి వచ్చింది. నన్ను చూసి ఆగిపోయింది. దాని ముఖం... మా అమ్మ పోయినప్పుడు కూడా అట్లా చూడలేదు. నేను దగ్గరికి పోతే, "రావద్దు అక్కా" అని చెయ్యి అడ్డం పెట్టింది.

వెంకటమ్మ నన్ను గుర్తు పట్టలేదు, ఒక కన్నే కదా, అదీ మసక. ఆమె కోడల్ని అడగతా ఉండింది, పోలీసోళ్ళు అడిగినట్ల, ఒకటొకటిగా. ఆమె గొంతు పెద్దది కాదు. పెద్దదైతే బాగుండేది.

"జ్వరం అన్నీ లేచినాయా?"

"లేచినాయత్తా, గురువారమే."

"నోట్లో నించి పచ్చ రసం కక్కతాండాయా?"

అది ఎందుకు అడుగుతారంటే, ఆకు మీద మందు పడింటే పురుగు పచ్చగా కక్కతాది. పక్క తోటల్లో టమాటాకు, క్యాబేజీకి మందు కొడతారు కదా, గాలికి వచ్చి రేష్మె ఆకు మీద పడతాది. అందుకే వెంకటమ్మ వాళ్ళ తోటకు నాలుగు పక్కలా అవిసె చెట్లు పెట్టించింది. బయట ఆకు తెచ్చేదానికి ఒప్పుకోదు చచ్చినా.

"లేదత్తా" అనింది సావిత్రి.

"ఆకు మన తోటదేనా?"

సావిత్రి తల దించుకునింది.

"నిన్నే అడగతాండా. మూడో దినం మేతకు మన ఆకు చాలదు, నాకు తెల్దా? ఆకు యాడ నించి తెచ్చినావు?"

అప్పుడు నేను ఆగలేదమ్మా. ఎట్ల ఆగేది? ఆ పిల్ల అట్ల తల దించుకొని, మెడలో తాళంచెయ్యి పట్టుకొని నిలబడింది, నేను చేసిన పాపానికి. నేను ముందరికి పోయి వెంకటమ్మ మంచం కాడ కూర్చున్నాను, నేల మీద.

"పెద్దమ్మా, ఆకు కాదు. నేను. రత్నను. తప్పు నాది" అన్నాను. మొత్తం చెప్పినాను. పసుపు మైనం, సేటు వద్దన్నది, సీమనూనె వాసన, కర్పూరం. కర్పూరం అనేసరికి ఆమె చెయ్యి మంచం పట్టె మీద బిగుసుకునింది. "కర్పూరమా" అనింది. "పురుగుల ఇంటికి, కర్పూరమా." రెండు మార్లు అనింది.

ఆపైన కోడలి పక్క తిరిగింది. "వెలిగించినావా?"

సావిత్రి నన్ను చూసింది. నిమిషం... నిమిషమంతా కాదు, పది లెక్కపెట్టేంత సేపు. ఆ పదీ నాకు ఇప్పటికీ గుర్తే. నేను మనసులో మొక్కుకున్నాను, లేదని చెప్పు తల్లీ, లేదని చెప్పు అని.

"వెలిగించినానత్తా. మూడు సాయంత్రాలు" అనింది.

రవంత నీళ్ళియ్యి సుమా. ఆ చెంబు తీస్తే ఫోను పడిపోతాది, లోపల కుండలో ఉండాయి చూడు.

రత్నమ్మ నీళ్ళు తాగి, చాటను పక్కకు జరిపింది. ఏరిన అలసందలను దోసిలితో తీసి గిన్నెలో పోసింది. మళ్ళీ చెప్పింది.

వెంకటమ్మ తిట్టింటే మేలు. తిట్టలేదు. "నువ్వు ఇల్లు జరగాలని చేసినావు. నేను నిన్ను శాపం పెట్టను. కానీ నా గడప తొక్కొద్దు" అనింది. నా పక్క చూడకనే. కోడలికి చెప్పింది, "నీ తప్పు లేదు. తోడబుట్టింది ఇస్తే ఎవరైనా వెలిగిస్తారు. తాళం నీ కాడనే ఉండనీ. పో, కిటికీలన్నీ తెరువు, పాత ఆకంతా తీసి పారేయి, కొత్త ఆకు మన తోటదే కొయ్యి." సావిత్రి కదల్లేదు. "పోవే" అనింది. అప్పుడు పోయింది.

ఏడున్నర బస్సుకు వచ్చేసినాను. అత్తిముగం పోలేదు. పన్నెండు దినాలు ఏ దినం ఏం తిన్నానో తెల్దు. పొద్దునా సాయంత్రం ఫోను అంగడికి పోయి ఎరువుల అంగడాయనకు చేసేది. ఆయన మంచోడు, విసుక్కోలేదు. మొదటి దినం "సగం పోయినాయంట" అన్నాడు. మూడో దినం "మిగిలినవి తింటా ఉండాయంట" అన్నాడు. అయిదో దినం "గూడు కట్టేదానికి చంద్రికలెక్కించినారంట" అన్నాడు, చంద్రికలంటే పురుగు గూడు కట్టుకునే వెదురు తట్టలు. ఆ మాటకు నేను ఆ అంగట్లోనే కూర్చుండిపోయినాను. సగమైనా బతికినాయి కదా.

మిగిలిన పసుపు మైనం మోసుకొని బెంగళూరు పోయినాను మళ్ళీ. సేటు కాడ తల ఎత్తలేదు. ఆయన నవ్వలేదు ఈసారి. పేపరు మీద పసుపు ముక్క ఒకటి, తెల్ల ముక్క ఒకటి పెట్టి, బయట ఎండలో పెట్టినాడు. ఒక టీ తాగినాము. వచ్చి చూస్తే పసుపుదాని కింద పేపరు నూనె తాగి అవతలి పక్క అక్షరాలు కనబడతా ఉండాయి. తెల్లదాని కింద ఏమీ లేదు. "ఇష్టే అమ్మా" అన్నాడు. ఇంతే అని. ఇంతేనమ్మా మైనం చూసేది. నువ్వడిగినదానికి ఇదే జవాబు. తెల్లది తీసుకో, తట్టి చూడు, విరిచి చూడు, పేపరు మీద ఎండలో పెట్టి చూడు. వాసన కోసమని ఏమీ కలపొద్దు. నీ సోయా మైనమైనా పేపరు మీద పెట్టి చూడు, దానికేం పోయింది.

ఆ తెల్ల మైనంతోనే తొమ్మిదేండ్లు చేసినాను. నీ బడి ఫీజులు దాంట్లోనే గడిచినాయి. మీ తాత ఒత్తులు కత్తరించేవాడు, బస్టాండుకు పోయేది మానుకున్నాడు. కెలమంగలం మాత్రం మూడేండ్లు పోలేదు. సావిత్రి పండక్కి వచ్చేది, నా చేతిలో చెయ్యి పెట్టి కూర్చునేది. మూడేండ్లకు వెంకటమ్మే కబురు పంపింది, "రత్నను రమ్మను, నేను ముసలిదాన్ని అయిపోతాండా" అని. పోయినాను. కాఫీ ఇచ్చింది. ఆ మాట ఎత్తలేదు ఆమె, నేనూ ఎత్తలేదు. ఆమె పోయి ఎనిమిదేండ్లైంది. తాళం సావిత్రి కాడనే ఉండింది, ఇప్పుడు దాని కోడలికి ఇచ్చిందంట, మొదటి ఏడే ఇచ్చేసిందంట.

నీకు మంచి జరగాల తల్లీ. నీ చేతి వెలుగు పది ఇండ్లల్లో ఉండాల, ఎవరి ఇంటికీ నీ వల్ల చెడుపు రాకూడదు.

సుమ ఫోను వైపు చెయ్యి చాపింది. రత్నమ్మ ఆ చెయ్యి పట్టుకుంది.

ఆపొద్దు. ఇంకొకటి ఉండాది. మీ తాతకు కూడా చెప్పలేదు నేను.

ఆ పన్నెండో దినం నాగరాజు గూళ్ళు అమ్మేదానికి హోసూరు మార్కెట్‌కు టెంపో తెచ్చినాడు. పోయేటప్పుడు ఇంటి కాడ నిలిపి, ఒక పొట్లం ఇచ్చినాడు. "వదినా, అమ్మ వీటిని దిబ్బలో పారేయమనింది. పురుగుల ఇంట్లో మూల దూలం మీద ఉండింది పొట్లం. నీ కష్టం కదా, పారేసేదానికి మనసు రాలేదు" అన్నాడు. కట్టు కూడా విప్పలేదు ఆ మనిషి. కాఫీ తాగి పోయినాడు. నేను తలుపేసుకొని విప్పినాను. లెక్క పెట్టినాను. మళ్ళీ పెట్టినాను. ఇరవై నాలుగు. నేనిచ్చినవి ఇరవై నాలుగే. ఒక్క ఒత్తి కూడా కాలిండలేదు. ఆకు యాడ నించి తెచ్చినావని వెంకటమ్మ అడిగింది అప్పుడు గుర్తొచ్చింది నాకు.